ఎక్కే పిల్లల వేళ్లు, వాళ్ల బరువు

(మన సంఘం స్వర్ణోత్సవ సభలో, బడి ఆవరణలో క్లైంబింగ్ గోడ కట్టాలన్న తీర్మానం చర్చకు వచ్చిన రోజు చేసిన ప్రసంగ పాఠం)

నాది 1989 పదో తరగతి బ్యాచ్, బీ సెక్షన్. బీ సెక్షన్ అనగానే సార్లు కొందరు నవ్వుతున్నారు. ఆ సంగతి ఇక్కడితో వదిలేద్దాం.

నా పని ఫిజియోథెరపీ. అందులోనూ చేతులు. వేళ్లు విరిగినవాళ్లకు, చేతికి ఆపరేషన్ అయినవాళ్లకు మళ్లీ ముద్ద కలపడం, చొక్కా గుండీ పెట్టుకోవడం నేర్పిస్తుంటాను. ఆదివారం దొరికితే రాళ్లు ఎక్కుతాను. ఈ రెండూ తెలిసినవాణ్ని కాబట్టి గోడ గురించి మాట్లాడమని కార్యదర్శి గారు ఇరవై నిమిషాలు ఇచ్చారు.

ముందే చెప్పేస్తాను, గోడ కట్టాలి. నా వాటా చందా కూడా కట్టేశాను. అయితే కాంట్రాక్టరు ఇచ్చిన అంచనా పట్టికలో రెండు వస్తువులున్నాయి. ఒకటి క్యాంపస్ బోర్డు. రెండోది, గోడ పక్కన పెట్టడానికి తూకం మిషను. ఖర్చు పెద్దది కాదు, ఎవరి కన్నూ పడకుండా పాసైపోతుంది. ఆ రెండూ కొట్టేయమని అడగడానికే నేను ఇక్కడ నిలబడ్డాను. ఎందుకో చెప్పాలంటే చేతి లోపల ఏముందో కాస్త చూడాలి.

అందరూ ఎడమచేత్తో మీ కుడి ముంజేతిని పట్టుకోండి, మోచేతికి కొంచెం కింద. ఇప్పుడు కుడిచేతి వేళ్లు ముడవండి, చాపండి. ముంజేతిలో కదులుతున్నది తెలుస్తోంది కదా? వేళ్లను ముడిచే అసలు కండలు అక్కడున్నాయి. వేళ్లలో కండ లేదు. ఉన్నవి ఎముకలు, చర్మం, ముంజేతి నుంచి వచ్చే తాళ్లు. ఆ తాళ్లను స్నాయువులు అంటాం. మన ఊళ్లల్లో వాటినీ నరాలే అంటారు గానీ నరం వేరు, ఇది వేరు. స్నాయువు ఎముకను లాగే తాడు.

తాడు ఎముకకు అంటిపెట్టుకుని ఉండాలంటే మధ్యమధ్యలో పట్టీలు కావాలి. ప్యాంటుకు బెల్టు లూపులు ఉన్నట్టే వేలి పొడవునా ఉంగరాల్లాంటి పట్టీలుంటాయి. డాక్టర్లు వాటిని పుల్లీలంటారు. ఒక్కో వేలికి ముఖ్యమైనవి ఐదు. అరచేతి వైపు నుంచి ఏ-1, ఏ-2 అని లెక్కపెడతారు. వేలి మొదటి భాగం మీదున్న ఏ-2, మధ్య భాగం మీదున్న ఏ-4 ఎక్కువ భారం మోస్తాయి. రాళ్లు ఎక్కేవాళ్లలో ఎక్కువగా తెగేది ఏ-2. అదీ ఎక్కువగా ఉంగరపు వేలికే.

తెగితే ఏమవుతుంది? కొందరికి టప్‌మని చప్పుడు వినిపిస్తుంది, కింద తాడు పట్టుకున్నవాడికి కూడా వినబడేంత. వేలి మొదట్లో, అరచేతి వైపు నొప్పి, వాపు. ఒకటి కన్నా ఎక్కువ పుల్లీలు తెగితే స్నాయువు ఎముకను వదిలి విల్లు నారిలా పైకి లేస్తుంది. ఒక్కటే తెగితే చాలామందికి ఆపరేషన్ అవసరం లేదు. వేలికి కొలిచి చేసిన గట్టి ఉంగరం తొడిగి, కొన్ని వారాలు భారం పడకుండా కాపాడి, తర్వాత మెల్లగా పని పెంచుతాం. మూడు నెలలు ఓపిక పడితే మళ్లీ ఎక్కుతారు. ఓపిక లేనివాళ్లు రెండోసారి నా దగ్గరికి వస్తారు.

ఇక పట్టు సంగతి. సన్నని అంచు దొరికినప్పుడు మనిషికి సహజంగా వచ్చే పట్టు ఒకటుంది. మధ్య కణుపు బాగా మడిచి, చివరి కణుపు వెనక్కి వంచి, పైన బొటనవేలు అదిమి పట్టుకోవడం. దాన్ని క్రింప్ అంటారు. పట్టు గట్టిగా దొరుకుతుంది. కానీ ఆ మలుపు దగ్గర వేలి చివర మోసే బరువుకు మూడు నాలుగు రెట్లు ఏ-2 మీద పడుతుంది. అదే వేళ్లు చాపినట్టుగా, కొక్కెంలా వేసి పట్టుకుంటే ఆ పుల్లీ మీద భారం చాలా తగ్గిపోతుంది. మొదట్లో ఈ పట్టు బలహీనంగా అనిపిస్తుంది, కొన్ని నెలలు అలవాటు చేసుకుంటే కుదురుతుంది.

ఇప్పుడు బరువు దగ్గరికి వద్దాం. తూకం మిషను పెట్టాలనే ఆలోచన ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తెలుసు. గోడ మీద శరీరాన్ని మోసేది వేళ్లు, కాబట్టి శరీరం తేలికైతే వేళ్లు క్షేమం. వినడానికి సబబుగానే ఉంది. లెక్కల సార్ ఇక్కడే ఉన్నారు కాబట్టి ఆయన ఎదుటే లెక్క వేద్దాం.

60 కిలోల మనిషి కాళ్లు గాల్లో ఉండగా రెండు చేతులతో వేలాడాడు. బొటనవేళ్లు వదిలేస్తే ఎనిమిది వేళ్లు. ఒక్కో వేలికి సగటున ఏడున్నర కిలోలు. ఆ మనిషి కడుపు మాడ్చుకుని మూడు కిలోలు తగ్గాడు. ఒక్కో వేలికి తగ్గిన భారం 375 గ్రాములు. పుల్లీ దగ్గర నాలుగు రెట్లు వేసుకున్నా ఒకటిన్నర కిలో. ఇప్పుడు అదే మనిషి ఏమీ మానకుండా, కాళ్లు గోడ మీద సరిగ్గా పెట్టి సగం బరువు వాటికి అప్పగించాడనుకోండి. చేతుల మీద నుంచి ఒక్కసారే 30 కిలోలు దిగిపోయాయి. వేలికి 375 గ్రాములు ఎక్కడ, మూడు కిలోల ముప్పావు ఎక్కడ? సార్, లెక్క సరిపోయిందా? సరిపోయిందంటున్నారు. బీ సెక్షన్‌కు ఇవాళ గౌరవం దక్కింది.

బరువుతో సంబంధమే లేదని నేననను. ఒలింపిక్ స్థాయిలో, చివరి ఒక్క కదలికలో గెలుపోటములు తేలే చోట బలానికీ బరువుకూ ఉన్న నిష్పత్తి నిజమే. ప్రమాదమంతా ఆ నిజంలోనే ఉంది. ఎక్కువ ఎక్కేవాళ్లకు బరువు తగ్గగానే రెండు మూడు వారాల్లో ఫలితం కనబడుతుంది. నిన్న అందని పట్టు ఇవాళ అందుతుంది. దాంతో ఇంకా సన్నని అంచుల మీదికి పోతారు, ఇంకా ఎక్కువ గంటలు ఎక్కుతారు. తిండి లేని శరీరం రాత్రిపూట చేయాల్సిన మరమ్మతు చేయలేదు. స్నాయువులూ పుల్లీలూ మరమ్మతు మీదే బతుకుతాయి. కండ కొన్ని వారాల్లో బలపడుతుంది, వాటికి రక్తప్రసారం తక్కువ కాబట్టి నెలలు, ఒక్కోసారి ఏళ్లు పడుతుంది. మొదటి ఏడాది ఉత్సాహంగా ఎక్కే కుర్రాళ్ల వేళ్లు దెబ్బతినేది ఈ తేడా వల్లే. కండ సిద్ధంగా ఉంటుంది, తాడు సిద్ధంగా ఉండదు.

ఇది పెద్దవాళ్ల సంగతి. పిల్లల సంగతి వేరే, దానికోసమే ఇంత దూరం వచ్చాను.

పిల్లల వేలి ఎముక ఇంకా పూర్తిగా ఎముక కాలేదు. పెరిగే చోట మృదులాస్థి పొర ఒకటుంటుంది. గ్రోత్ ప్లేట్ అంటారు. పదహారు పదిహేడేళ్లు వచ్చేదాకా, కొందరికి ఆ తర్వాత కూడా, అది తెరిచే ఉంటుంది. అందరూ జానెడు జానెడు పొడుగు పెరిగే పన్నెండు పదిహేనేళ్ల మధ్య అది మరీ బలహీనం. పెద్దవాడికి పుల్లీ తెగేంత భారం పడితే, పిల్లవాడికి పుల్లీ గట్టిగానే ఉంటుంది, ఆ పొర దగ్గర చీలిక వస్తుంది. ఎక్కువగా నడిమి వేలికి, మధ్య కణుపు దగ్గర, వేలి వెనక వైపు. చప్పుడు ఉండదు, పడిపోవడం ఉండదు. వారాల తరబడి సన్నగా నొప్పి పుడుతుంది. కణుపు కొంచెం ఉబ్బుతుంది. ఇంట్లో అడిగితే బడిలో తలుపు తగిలిందంటారు, బడిలో అడిగితే ఇంట్లో తగిలిందంటారు. ఎక్కడం మాన్పిస్తారని భయం.

నా దగ్గరికి వచ్చిన ఒక తొమ్మిదో తరగతి అమ్మాయి గురించి చెబుతాను. ఏ ఊరి గోడో, ఏ కోచో చెప్పను, అవసరం లేదు. మంచి ఆట. వాళ్ల నాన్న తీసుకొచ్చారు, నడిమి వేలు రెండు నెలలుగా పూర్తిగా ముడుచుకోవడం లేదని. ఎక్స్‌రేలో చీలిక కనబడింది. వాళ్ల గోడ దగ్గర ప్రతి శనివారం పిల్లల బరువు తూచి బోర్డు మీద రాస్తారట, పేర్లతో సహా. తగ్గినవాళ్ల పేరు పక్కన నక్షత్రం. మా తెలుగు టీచర్ కాపీ పుస్తకాల్లో వేసే నక్షత్రం లాంటిదే. ఆ నక్షత్రం కోసం ఆ పిల్ల శుక్రవారం రాత్రి అన్నం మానేసింది. తర్వాత గురువారం కూడా. నేను అడిగే వేళకు రోజూ సాయంత్రం ఒక అరటిపండు, మజ్జిగ. వాళ్లమ్మను లోపలికి పిలిచి విడిగా మాట్లాడితే తెలిసింది, నాలుగు నెలలుగా నెలసరి రాలేదు. పరీక్షల ఒత్తిడి అనుకున్నారట.

వేలికి చేయవలసింది తేలికే. ఎక్కడం పూర్తిగా ఆపించాం, చీలిక కలిసిందని ఎక్స్‌రేలో తేలేదాకా. మిగతాదానికి డాక్టరు గారు, పోషకాహార నిపుణురాలు కావలసి వచ్చారు, దానికి ఎక్కువ కాలం పట్టింది. ఆ పిల్ల ఇప్పుడు బాగానే ఉంది, మళ్లీ ఎక్కుతోంది, వేరే చోట. కానీ ఆ చీలికను ఇంకో ఏడాది పట్టించుకోకపోతే కణుపు వంకరగా పెరిగి అలాగే ఉండిపోయేది.

తిండికీ ఆటకూ మధ్య ఈ లోటుకు అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ 2014లో రెడ్-ఎస్ అని పేరు పెట్టింది. ఒంట్లోకి వెళ్లే శక్తి ఆటకే ఖర్చయిపోయి, ఎముక, గర్భాశయం, గుండె, మనసు అన్నిటికీ తక్కువ పడటం. అబ్బాయిలకు కూడా వస్తుంది, వాళ్లకు నెలసరి లాంటి గుర్తు లేదు కాబట్టి ఇంకా ఆలస్యంగా బయటపడుతుంది. ఈ ఆటలో ప్రపంచంలోనే మేటి అయిన స్లొవేనియా క్రీడాకారిణి యాన్యా గార్న్‌బ్రెట్, టోక్యోలోనూ పారిస్‌లోనూ స్వర్ణం గెలిచిన ఆమె, 2023లో ఈ విషయం మీద బహిరంగంగా గళమెత్తింది. మరుసటి ఏడాది అంతర్జాతీయ స్పోర్ట్ క్లైంబింగ్ సమాఖ్య పోటీదారులకు రెడ్-ఎస్ పరీక్షల విధానం తెచ్చింది. పై స్థాయిలో వాళ్లు ఇప్పుడు వదిలించుకోవాలని చూస్తున్న జబ్బును మనం మిషనుతో సహా కొని తెచ్చుకోవడం ఎందుకు?

ఇక క్యాంపస్ బోర్డు. పేరు చూసి ఇదేదో కాలేజీ క్యాంపస్‌కు సంబంధించిందని కమిటీలో ఎవరో అన్నారట. కొంచెం నిజం ఉంది. 1988లో వోల్ఫ్‌గాంగ్ గ్యూలిచ్ అనే జర్మన్ క్లైంబర్ న్యూరెంబర్గ్‌లో క్యాంపస్ అనే జిమ్‌లో దీన్ని మొదటిసారి బిగించాడు. వంపు తిరిగిన పలక మీద నిచ్చెన మెట్లలా సన్నని కర్ర పట్టీలు. కాళ్లు వాడకుండా వేళ్ల మీదే ఒక పట్టీ నుంచి ఇంకో పట్టీకి ఎగరాలి. 1991లో ఫ్రాంకెన్‌యూరా కొండల్లో యాక్షన్ డైరెక్ట్ అనే దారిని ఎక్కడానికి అతనికి ఆ సాధన పనికొచ్చింది. అప్పట్లో ప్రపంచంలో అంత కష్టమైన దారి లేదు. అది ఏళ్ల తరబడి వేళ్లను తయారు చేసుకున్న ఎదిగిన మనిషి పనిముట్టు. పద్దెనిమిదేళ్ల లోపు వాళ్లు దాని మీద సాధన చేయవద్దని అంతర్జాతీయ పర్వతారోహణ సమాఖ్య వైద్య సంఘం చెబుతోంది. మన బడిలో పద్దెనిమిది దాటినవాళ్లు సార్లు, టీచర్లు మాత్రమే. పీఈటీ సార్ ఎక్కుతానంటే నాకేం అభ్యంతరం లేదు.

మరి పిల్లలకు ఏం నేర్పాలి? కాళ్లు. మన దగ్గర ఇది సులువు, ఎందుకంటే మన రాయి కాళ్ల రాయి. హైదరాబాదు చుట్టూ, ఇటు భువనగిరి దాకా ఉన్నది 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైటు. పట్టుకోవడానికి అంచులు తక్కువ, గరుకు ఎక్కువ. బోడబండ మీద వేళ్లతో పనే ఉండదు. మడమ దించి, అరికాలు ముందుభాగం రాతికి ఆనించి, నడుము బయటికి పెట్టి నిలబడితే రాయే పట్టుకుంటుంది. సీతాఫలాల కోసం బడి వెనక గుట్ట ఎక్కిన ప్రతివాళ్లకూ ఇది తెలుసు, చెప్పు లేకుండా ఇంకా బాగా తెలుసు. భువనగిరి కోట బండ మీద శిక్షణ మొదలుపెట్టిన పూర్ణ, ఆనంద్ 2014 మే 25న ఎవరెస్టు మీద నిలబడ్డారు. గురుకులాల్లో చదివిన పిల్లలు. వాళ్ల ఆట వేరు, అది కాళ్లదీ ఊపిరిదీ. కానీ ఆ బండ మొదట నేర్పేది కాళ్లనే.

ఇంకా దగ్గర ఉదాహరణ కావాలంటే, తాళ్లెక్కే గౌడన్నను చూడండి. నడుముకు మోకు, కాళ్లకు బంధం. బరువంతా వాటి మీద. చేతులు మోకును జరుపుతాయి, అంతే. రోజుకు అన్ని చెట్లు, ఏళ్లకేళ్లు ఎక్కుతాడు. వేళ్ల మీద వేలాడితే ఒక్క కాలం కూడా గడవదు. ప్లాస్టిక్ పట్టీల గోడకు లోపం ఇదే, చేతికి అందే పట్టు ఎప్పుడూ ఉంటుంది కాబట్టి పిల్లలు చేతులతోనే లాక్కుంటూ పోతారు. అందుకే మన గోడ కింది భాగం ముందుకు వంగకుండా, కొంచెం వెనక్కి వాలుగా కట్టమని అడుగుతున్నాను. పట్టీలు పెద్దవి, గుండ్రటివి. వాలు గోడ చూడ్డానికి గొప్పగా ఉండదని కాంట్రాక్టరు అంటాడు. ఉండదు నిజమే.

పెద్దల కోసం ఒక మాట. మన బ్యాచ్‌లో 90 కిలోలు దాటినవాళ్లు ఉన్నారు, నేను చేతులెత్తమనను. ఎక్కాలని ఉంటే ముందు సన్నబడి తర్వాత రావాలని లేదు. వాలు గోడతో మొదలుపెట్టండి. పదిహేను నిమిషాలు పెద్ద పట్టీల మీద అటూ ఇటూ తిరిగి ఒళ్లు వేడెక్కాక ఎక్కండి. వారానికి రెండు రోజులు, మధ్యలో విరామం. వేళ్లకు తెల్ల టేపు చుట్టుకుంటే ఏమీ కాదని అనుకోవద్దు, దెబ్బ తగిలిన వేలికి టేపు కొంత ఆసరా గానీ మంచి వేలికి కవచం కాదు. బరువు తగ్గాలని డాక్టరు చెప్పి ఉంటే అది షుగరు కోసం, మోకాళ్ల కోసం తగ్గండి, తీరిగ్గా.

తీర్మానానికి నేను అడిగే సవరణలు ఇవీ. క్యాంపస్ బోర్డు, తూకం మిషను తీసేయాలి. ఆ డబ్బుతో కింద పరుపులు ఇంకో వరుస మందంగా వేయించాలి. గోడ దగ్గర ఎవరూ, కోచ్ అయినా, సీనియర్ అయినా, పిల్లల ఒంటి గురించి లావనీ బక్కనీ మాట్లాడకూడదని రాసి పెట్టాలి. ఎత్తు, బరువు ఏడాదికి రెండుసార్లు హెల్త్ చెకప్‌లో డాక్టరు చూస్తారు, అది గదిలో, తలుపు వేసి. వేలి కణుపు నొప్పి అన్న పిల్లను ఆ రోజే ఆపి, వారంలో తగ్గకపోతే ఎక్స్‌రేకు పంపాలి. నొప్పి చెప్పినందుకు జట్టులోంచి తీసేయం అని ముందే చెప్పాలి, లేకపోతే ఎవరూ చెప్పరు. అమ్మాయిల సంగతి ఏదైనా ఉంటే చెప్పుకోవడానికి ఒక టీచర్ ఉండాలి. సాయంత్రం ప్రాక్టీసు ఉన్న రోజు ఎక్కే ముందు తిండి సంఘం ఖర్చుతో. ఉడికిన గుడ్డు, పల్లీపట్టీ, అరటిపండు, ఏదో ఒకటి. మధ్యాహ్నం ఒంటిగంటకు తిన్న అన్నం ఐదింటికి కడుపులో ఉండదు.

తిండి ఖర్చు నెలకు ఎంతవుతుందో లెక్క వేసి కోశాధికారి గారికి ఇచ్చాను. 1989 బ్యాచ్ మొదటి ఏడాది భరిస్తుంది. రెండో ఏడాదికి 1990 బ్యాచ్ వాళ్లు అటు వెనక వరుసలో కూర్చున్నారు, వాళ్లు తలుపు వైపు చూడకుండా ఉంటే బాగుంటుంది. ఎక్స్‌రే గురించి, పట్టు గురించి అడగాలనుకున్నవాళ్లు భోజనాల దగ్గర నన్ను పట్టుకోండి, చేతులు చూసే చెబుతాను.